కారు దిగనివాడు

పైకి వెళ్ళను. ఇంటర్వ్యూకి గంట ముందు, ఇంటర్వ్యూ చేసేవాళ్ళు కూర్చున్న బల్ల దగ్గరికి కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళి నవ్వేవాణ్ణి ఏమంటారో నాకు తెలుసు. నేను అననక్కరలేదు, ఊరే అంటుంది. ఓడ కదిలింది. ఇనుప నేల అడుగున మోటారు వణుకు అరికాళ్ళకు తెలుస్తోంది. ముందు తలుపు పైకి లేచి మూసుకుంది, దాని అంచు మీదుగా వాన లోపలికి కొడుతోంది, అద్దం మీద నీళ్ళు, బయట ఇంకా తెల్లవారని నవంబరు. వరసలో మొదటి కారు నాది. ఎప్పుడూ నాదే. అందరికంటే ముందు రేవుకి వస్తాను, ముందు ఎక్కుతాను, ముందు దిగుతాను. వెనక ఎవరున్నారో అద్దంలో చూసుకోవచ్చు. చూశాను. మాగ్నిల్డ్ కారు దిగి తలకు స్కార్ఫ్ కట్టుకుంది. మా మునిసిపాలిటీ బడులన్నిటికీ అధికారి ఆవిడే, తొమ్మిదింటికి నన్ను ప్రశ్నలు అడగబోయేదీ ఆవిడే. వెనకే యూస్టైన్, నారింజ రంగు జాకెట్టులో. సముద్రంలో చేపలు పెంచేచోట పని. తల్లిదండ్రుల తరఫున కమిటీలో కూర్చునేది అతను. ఆ వెనక ఐవిన్. ఉండేది మా ఒడ్డునే, పాఠాలు చెప్పేది ఆ ఒడ్డు బడిలో. నాకు పోటీ. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. పైన ఓడ కాఫీ గది ఇనుప తలుపు తెరుచుకుంది. వెన్న వాసన, కాఫీ వాసన, ఎవరిదో నవ్వు. తలుపు మూసుకుంది. ముగ్గురూ ఒకే తలుపులోంచి వెళ్ళారు. ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. అది తప్పని ఒక్కరికీ అనిపించదు. తప్పని అనిపించేవాడు కింద కూర్చుంటాడు, గర్విష్ఠి అనిపించుకుంటాడు.

వచ్చే ఆగస్టు నుంచి ఈ ఒడ్డు బడినీ ఆ ఒడ్డు బడినీ కలిపేస్తున్నారు. రెండు బళ్ళకి ఒక హెడ్‌మాస్టరు. మా ఒడ్డు బడికి ఏడాదికి పైగా నేనే తాత్కాలిక హెడ్‌మాస్టర్ని, అంతకుముందు ముప్పై ఏళ్ళు అక్కడే లెక్కలు చెప్పాను, అంతకుముందు అదే బడిలో, అవే రెండు గదుల్లో చదువుకున్నాను. ఉద్యోగం నాకు రాకపోతే ఐవిన్ కింద పనిచెయ్యాలి. లేకపోతే మానెయ్యాలి. మానేస్తే ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో ఏముంది? రెండు కుర్చీలు ఉన్నాయి. కాగితాలు మళ్ళీ చూసుకుందామని లోపలి దీపం వేశాను. అద్దానికి ఆవిరి పట్టకుండా ఫ్యాను పెట్టాను, తాళం సగం తిప్పి ఉంచాను. పక్క సీటు దగ్గర చిన్న బొత్తం ఎర్రగా వెలుగుతోంది. నా భార్య యోరున్ సీటు. ఆమెకి నడుం నొప్పి, బండి ఎక్కీ ఎక్కగానే సీటు వెచ్చబడే బొత్తం నొక్కేది. పాత బండి, నొక్కిన బొత్తం నొక్కినట్టే ఉంటుంది. తాళం తిప్పినప్పుడల్లా వెలుగుతుంది. ఆమె పోయి మొన్న ఫిబ్రవరికి ఏడాది దాటింది. ఖాళీ సీటు ప్రతిరోజూ వెచ్చగా కాలుతూ నాతోపాటు బడికి వస్తుంది, బడి నుంచి ఇంటికి వస్తుంది. ఆర్పవచ్చు. చెయ్యి చాపితే అందుతుంది.

ఓడ రేవు దాటకముందే సీటు బెల్టు విప్పేది. "వస్తావా?" అనేది. "నువ్వెళ్ళు" అనేవాణ్ణి. శనివారం శనివారం సరుకులకి ఆ ఒడ్డుకి పోయేవాళ్ళం, శనివారం శనివారం ఇదే మాట. నేను రానని తెలుసు, అయినా అడగడం మానలేదు. తలుపు వేసుకుని, గొడుగు లేకుండా, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని మెట్లెక్కేది. పంటి డాక్టరు దగ్గర పని ఆమెది. రోజంతా నోళ్ళు తెరిచిన మనుషుల్ని చూసినదానికి నోరు తెరవని మొగుడు విశ్రాంతిగా ఉండేవాడేమో. ఓడ ఆ ఒడ్డు దగ్గరపడుతుంటే దిగి వచ్చేది. చేతిలో కాగితపు రుమాలు, రుమాల్లో నాకొక స్వేలె. మందంగా, మెత్తగా ఉండే తీపి అట్టు అది, ఓడ మీద తప్ప ఇంకెక్కడ చేసినా ఆ రుచి రాదు. మధ్యకి మడిచి, లోపల వెన్నా పంచదారా. నా ఒళ్ళో పెట్టేది. నేను తింటుంటే చెప్పేది. మీ కొత్త మాస్టారి పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిపోయిందట, ఈ వారం అతన్ని పాఠాల ప్రణాళిక అడక్కు. చర్చి పక్క వాళ్ళబ్బాయి రాత్రుళ్ళు పక్క తడుపుతున్నాడట, బోర్డు దగ్గరికి పిలవకు. నేను అడిగేవాణ్ణి కాదు. పిలిచేవాణ్ణి కాదు. హాల్వార్ మాట కరుకుగానీ మనిషికి కనిపెట్టే గుణం ఉంది అనేవాళ్ళు బళ్ళో. నిజమే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అది నా గుణమే అనుకున్నాను. రుమాల్లో చుట్టుకుని పై నుంచి వచ్చిందని ఇప్పుడు తెలుస్తోంది. తెలిసి ఏం చెయ్యను? అది నేర్పేచోటు లేదు.

పైన మళ్ళీ తలుపు చప్పుడు. ఎవరో కారులో ఏదో మర్చిపోయి దిగారు, మళ్ళీ ఎక్కారు. తల తిప్పలేదు. మా చిన్న బడిలో స్వెర్రె మాస్టారు ఉండేవాడు. ప్రశ్న అడిగి కిటికీలోంచి సముద్రం చూసేవాడు. జవాబు వచ్చినవాడు లేచి చెప్పి కూర్చోవాలి. రానివాడే మాట్లాడతాడు అనేవాడు. మా నాన్న పడవ మీద నెలల తరబడి ఉండి ఇంటికొచ్చి, బల్ల దగ్గర కూర్చుని, ఉప్పు ఇటివ్వు అనేవాడు. అంతే. అమ్మకి అది చాలేది. చాలేదా? అడగలేదు. మా ఇళ్ళల్లో అడగరు. అలా పెరిగినవాణ్ణి పట్టుకుని పోయినవారం పట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చి పరీక్ష పెట్టింది. హెడ్‌మాస్టరు పదవికి పోటీపడేవాళ్ళ స్వభావం కొలుస్తారట. కంప్యూటరులో ప్రశ్నలు, ఎంతకీ తరగవు. విందుల్లో కొత్తవాళ్ళతో మాట కలుపుతారా? ఎప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడూ, ఎన్నడూ. ఎన్నడూ అని నొక్కాను. ఒప్పుకున్న పని ఒప్పుకున్న వేళకి చేస్తారా? ఎప్పుడూ. ఎదుటివాళ్ళ మొహం చూసి వాళ్ళ మనసు చెప్పగలరా? దాని దగ్గర ఆగాను. ఎదుటివాళ్ళ మొహం నేనెందుకు చూస్తాను? చివరికి ఆ అమ్మాయి రంగుల చక్రం ఒకటి నా ముందు పెట్టింది. చెవికి మూడు పోగులు, చల్లటి చేతులు, మంచి పిల్లే. "నీకు నీలం నిండుగా ఉంది హాల్వార్. క్రమం, నియమం, మాట మీద నిలబడడం. ఇంత నీలం నేనెప్పుడూ చూడలేదు" అంది. "పసుపు?" అన్నాను. పసుపు గీత సన్నగా ఉంది, ఉందా లేదా అన్నట్టుంది. "పసుపంటే మనుషులు" అంది.  చక్రం పక్కన పెట్టి, "బళ్ళో చెడ్డ కబురు ఏదైనా ఉంటే నీ దాకా మోసుకొచ్చేవాళ్ళెవరు?" అంది. "ఎవరూ లేరు." "ఇదివరకు?" "ఇది నీ పరీక్షలో ఉందా?" అన్నాను. లేదంది. లేనిదానికి జవాబు చెప్పనన్నాను. రాసుకుంది. ఏం రాసుకుందో చూడలేదు. ఆ కాగితం ఇప్పుడు మాగ్నిల్డ్ సంచిలో, పైన, కాఫీ కప్పుల పక్కన ఉండి ఉంటుంది. ఐవిన్ చక్రం పచ్చగా పొద్దుతిరుగుడు పువ్వులా ఉండి ఉంటుంది.

ఐవిన్ ఏ పనీ వేళకి చెయ్యడు. నాకు తెలుసు, శిక్షణకి వచ్చినప్పుడు నా తరగతిలోనే నిలబడ్డాడు. భిన్నాలు చెప్పమంటే పిల్లలచేత కేకు కోయించాడు, గంట అయ్యేసరికి గదంతా ముక్కలు, భిన్నాలు ఎవరికీ రాలేదు, పిల్లలు వాణ్ణి వదల్లేదు. తాళాలు పోగొట్టుకుంటాడు. పోగొట్టుకుని నవ్వుతాడు. అందరూ కలిసి వెతికిపెడతారు. వెతికిపెట్టాక అందరికీ ఉత్సాహంగా ఉంటుంది, వాళ్ళే ఏదో సాధించినట్టు. దాన్ని నాయకత్వం అంటున్నారు ఇప్పుడు. నేను తాళాలు పోగొట్టుకోను. అందుకని నాకెవరూ ఏదీ వెతికిపెట్టక్కర్లేదు. ఎవరికీ ఏ పనీ ఇవ్వని మనిషిని ఎవరు ప్రేమిస్తారు? ప్రేమించమని నేనడిగానా? వేళకి రమ్మన్నాను, అంతే. గున్‌వోర్‌తో అన్నదీ అంతే. మా బడిలో టీచరు ఆమె. గురువారం గురువారం బడి వదలకముందే కోటు తగిలించుకునేది. స్టాఫ్ రూములో, అందరూ ఉండగా, పని వేళ ఇంకా అయిపోలేదు అన్నాను. అరవలేదు. నా జన్మలో అరవలేదు. గున్‌వోర్ కోటు విప్పి కొక్కేనికి తగిలించి కూర్చుంది. సరే అంది. వాళ్ళమ్మ వృద్ధాశ్రమంలో ఉందని, గురువారాలు మాత్రమే కూతుర్ని గుర్తుపడుతుందని, మిగతా రోజుల్లో మందు మత్తులో ఉంటుందని నాకెవరు చెప్పారు? ఒక్కరైనా చెప్పారా? ఆ గదిలో తొమ్మండుగురికి తెలుసు. తొమ్మండుగురూ కప్పుల్లోకి చూశారు. ఆ తర్వాత నేను గదిలోకి వెళ్తే చాలు, లేచి కప్పులు కడుక్కోవడం మొదలుపెడతారు. అంత శుభ్రంగా కప్పులు కడిగే స్టాఫ్ రూము ఈ తీరంలో ఇంకోటి లేదు.

వాళ్ళకి కావలసిందల్లా ఒక మనిషి, నాకు చెప్పడానికి. ఆ మనిషిని నేనే పెట్టుకోవాలా? జీతం ఇచ్చి పెట్టుకుంటారా అలాంటి మనిషిని? ఓడ కొంచెం ఒరిగింది, బయట గాలి మారింది, సముద్రపాయ మధ్యకి వచ్చినట్టున్నాం. ఇక్కడే ఎప్పుడూ కార్ల అలారాలు ఒకటో రెండో మోగుతాయి. ఒకటి మోగింది. ఆగింది. యోరున్‌ని చివరిసారి ఆస్పత్రికి తీసుకెళ్ళింది కూడా ఈ ఓడ మీదే, ఆ రోజు పైకి వెళ్ళలేదు తను. సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుంది. "ఇవాళ నువ్వెళ్ళు" అంది. "నాకొకటి తీసుకురా" అంది. నేను మెట్ల వైపు చూశాను. "నువ్వు తినలేవు కదా, డాక్టరు వద్దన్నాడు" అన్నాను. నిజం. డాక్టరు వద్దన్నాడు. కళ్ళు తెరవకుండా నవ్వింది. "అవును కదా" అంది. ఎందుకు నవ్వింది? ఇంతమందిని నవ్వించిన మనిషి, నన్ను చూసి ఒక్కతే ఎందుకు నవ్వింది ఆ రోజు? మూడు వారాల్లో పోయింది. పాతిపెట్టి వచ్చాక సంతాపపు కాఫీకి రెండు ఒడ్డులవాళ్ళూ వచ్చారు, హాలు పట్టలేదు. ఒక్కొక్కరే లేచి ఆమె గురించి చెప్పారు. నాకు తెలియని సంగతులు. ఎవరికో రాత్రంతా తోడు కూర్చుందట. ఎవరి బిడ్డకో పేరు పెట్టిందట. చివర ఇంటివాడు మాట్లాడాలి. లేచాను. వచ్చినందుకు కృతజ్ఞతలు, మంచు వల్ల ఆ ఒడ్డువాళ్ళకి ఇవాళ ఆఖరి ఓడ మూడింటికి, ఇప్పుడు బయల్దేరితే అందుతుంది అన్నాను.  దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారట. పెళ్ళాన్ని పాతిపెట్టిన రోజున ఓడ వేళలు చదివినవాడు. ఓడ తప్పిపోతే వాళ్ళు ఆ మంచులో రాత్రి ఎక్కడ పడుకునేవాళ్ళు? ఆ హాల్లో అంతమందిలో అది పట్టించుకున్నది నేనొక్కణ్ణే. అందరూ ఓడ అందుకున్నారు. ఒక్కరు కూడా ఆ మాట చెప్పుకోరు.

ఇక మే పదిహేడు, మా దేశపు పండగ రోజు. మాగ్నిల్డ్ అది అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. జవాబు సిద్ధంగా ఉంది. పిల్లల ఊరేగింపు బడి దగ్గర బయల్దేరి, వృద్ధాశ్రమం దగ్గర ఆగి రెండు పాటలు పాడి, పదకొండింటికి చర్చికి చేరాలి. ఆ రోజు వాన. పెద్ద డోలు పట్టీ తెగింది, దాన్ని కట్టేసరికి ఆలస్యమైంది. ముందు నడిచేది నేను. మలుపు దగ్గర గడియారం చూశాను. ఆగితే చర్చి తప్పుతుంది. చర్చిలో పాస్టరు, మేయరు, ఆ ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు. చెయ్యి ఊపాను, నేరుగా పదండి అన్నాను. బ్యాండు ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకుంది. కిటికీలన్నిటిలో ముసలివాళ్ళు ఉన్నారు. పొద్దుటి నుంచీ కూర్చోబెట్టి ఉంచారు వాళ్ళని, పండగ బట్టలు కట్టించి, వెండి బొత్తాలు పెట్టించి, మోకాళ్ళ మీద దుప్పట్లు కప్పి, చేతికొక చిన్న జెండా ఇచ్చి. మేం పోతుంటే జెండాలు ఊపారు. ఆగుతాం అనుకుని ఊపారు. మేం దాటాక కూడా ఊపుతూనే ఉన్నారు. నా వెనక ఒకటో తరగతి పిల్ల "మా ముత్తవ్వ! మా ముత్తవ్వ అక్కడుంది!" అంది. వరసలో నడువు అన్నాను. పదకొండింటికి, గంట మోగుతుండగా, చర్చి గుమ్మంలో ఉన్నాం. పదకొండంటే పదకొండే. ఒక్క తల్లి నాతో ఒక్క మాట అనలేదు. మా ఊళ్ళో అనరు. మనకి వినపడేలా ఊరుకుంటారు. ఐవిన్ ఆ సాయంత్రం ఆ ఒడ్డు నుంచి తన బడి పిల్లల్ని ఓడెక్కించి తీసుకొచ్చి, కిటికీల కింద బురదలో నిలబెట్టి పాడించాడట. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరినీ అడగలేదు, అనుమతి లేదు. వేళ కాని వేళ. ముసలివాళ్ళకి అప్పటికే పండగ బట్టలు విప్పేశారు, రాత్రి గౌన్లలో విన్నారట. మాగ్నిల్డ్‌కి చెప్తాను. నియమం ప్రకారం నడిచింది నేను, మెప్పు ఏరుకున్నది అతను అని చెప్తాను. చెప్పను. చెప్తే అసూయ అంటారు. యోరున్ ఉంటే మలుపు దగ్గర నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగేది. ఎవరూ లాగలేదు. నేనొక్కణ్ణే ఎంతమందిని కావాలి?

మోటారు స్వరం మారింది. మెట్ల మీద అడుగులు, మాటలు, వెన్న వాసన. కాగితాలు సంచిలో పెట్టాను. అద్దంలో చూస్తే ఐవిన్ దిగుతున్నాడు, యూస్టైన్‌కి ఏదో చెప్తూ చేతులతో పెద్ద చేప చూపిస్తున్నాడు, మాగ్నిల్డ్ నవ్వుతోంది. తీర్పు అయిపోయినట్టే. కార్ల తలుపులు టపటపా పడ్డాయి. ఎదురుగా ఇనుప తలుపు మెల్లగా కిందికి దిగింది, వానలో రేవు దీపాలు కనిపించాయి. ఆటుకి నీళ్ళు బాగా దిగి ఉన్నాయి, ఒడ్డుకి వెళ్ళే ఇనుప వంతెన నిటారుగా పైకి ఎక్కి ఉంది. ఓడ్మున్, ఓడ మీద కార్లు ఎక్కించి దించేవాడు, టార్చి ఊపాడు. తాళం తిప్పాను. టిక్కుమంది. ఇంకేం లేదు. మళ్ళీ తిప్పాను. టిక్కు కూడా లేదు. లోపలి దీపం పసుపుపచ్చగా వాలిపోయి ఉంది, ఎప్పుడు వాలిందో చూడలేదు. పక్క సీటు బొత్తం ఆరిపోయి ఉంది. సీటు మీద చెయ్యి వేశాను. ఇంకా వెచ్చగానే ఉంది. అద్దం దించబోయాను, దిగలేదు. తలుపు తెరవాల్సి వచ్చింది.

"ఏం హాల్వార్, నిద్రపోయావా?" ఓడ్మున్ వానలోంచి అరిచాడు.

"బ్యాటరీ" అన్నాను.

"ఓడే కరెంటు మీద నడుస్తోంది, నీ బండికి కరెంటు లేదంటావా!" వెనక వరసంతా ఆగిపోయింది. నేను ముందుంటే వెనక ఒక్కరూ కదల్లేరు. ఎవరో హారన్ కొట్టారు. యూస్టైన్ దిగి వచ్చాడు. "తోసెయ్యండ్రా, ఎంతసేపు! ఐవిన్, రా. ఓడ్మున్, ఆ పక్క పట్టు. హాల్వార్, గేరు తియ్. నువ్వు దిగకు, స్టీరింగు పట్టుకో. కార్లో కూర్చోవడం నీకు అలవాటేగా!" నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, అదే నాకు మింగుడుపడలేదు. ఐవిన్ ఇంటర్వ్యూకి వేసుకున్న కోటుతోనే వెనక అద్దానికి భుజం ఆనించాడు. మాగ్నిల్డ్ కూడా వచ్చింది, నా తలుపు సగం తెరిచి ఉంటే ఆ సందులో చెయ్యి వేసి తోసింది. స్కార్ఫ్ తడిసి నుదుటికి అంటుకుంది. బండి అంగుళం అంగుళం కదిలింది. వంతెన ఎక్కేచోట ఆగింది. "ఒకటి, రెండు, మూడు, హే!" అన్నాడు ఐవిన్. ఎక్కింది.

మాగ్నిల్డ్ ఆయాసపడుతూ నా చెవి దగ్గర మాట్లాడుతోంది. "నిన్ను పైన చూస్తామేమో అనుకున్నాం ఇవాళ. కాఫీ తీసుకుని కూర్చున్నాం. యూస్టైన్ నీకు కుర్చీ కూడా లాగి పెట్టాడు."

"ఇంటర్వ్యూ ముందు పద్ధతి కాదు" అన్నాను.

"పద్ధతి కాదులే. నాకు తెలుసు." తోసింది. "యోరున్ ఎప్పుడూ చెప్పేది. ఆయన కింద కూర్చుంటే గర్వం అనుకోకండి, భయం. మీ అందర్నీ చూస్తే భయం. ఏం మాట్లాడాలో తెలీదు, అందుకని రూల్సు మాట్లాడతాడు, కోప్పడకండి అని. ప్రతి శనివారం, పాపం, ఎవరో ఒకరి దగ్గర. నువ్వెవర్నైనా నొప్పించి ఉంటే నేరుగా వాళ్ళ బల్ల దగ్గరికే వెళ్ళేది. నీ తరఫున. నీకు తెలీదా?"

తెలియదు. స్టీరింగు నా చేతుల్లో రాయిలా బిగిసి ఉంది. నేను తినే స్వేలె ఏ బల్ల మీద నుంచి వచ్చిందో తెలియదు. నేను కింద నిటారుగా కూర్చుని, ఎవరికీ తల వంచలేదని అనుకుంటున్న ప్రతి శనివారమూ పైన యోరున్ నా తల వంచుతూనే ఉంది. కొత్త మాస్టారి పెళ్ళాం సంగతి ఊరికే విని రాలేదు. నా సంగతి అక్కడ పెట్టి ఆ సంగతి ఇటు తెచ్చింది. భయం. ఆ మాట నాతో ఒక్కసారి అనలేదు. ఇంట్లో, వంటింట్లో, పక్క మీద, ఒక్కసారి. వాళ్ళతో అంది.

రేవు మీదకి చేర్చి ఆపారు. ఓడ్మున్ స్టార్ట్ చేసే పెట్టె మోసుకొచ్చి బ్యాటరీకి తగిలించాడు, తిప్పమన్నాడు, తిప్పాను, పలికింది. పక్క సీటు బొత్తం ఎర్రగా వెలిగింది. ఐవిన్ బురద చేతులు కోటుకే తుడుచుకుని, "పైన నీ గురించే చెప్తున్నా. రెండు బళ్ళ టైం టేబుల్ ఎవడు కలపగలడు నువ్వు తప్ప?" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. వాణ్ణి అసహ్యించుకోవడానికి కూడా వీల్లేకుండా చేస్తాడు. కృతజ్ఞత చెప్పాలి. నోరు తెరిచాను. "మీ కార్లు వరసని ఆపేస్తున్నాయి" అన్నాను. యూస్టైన్ పకపకా నవ్వాడు. మాగ్నిల్డ్ కోటు జేబులోంచి కాగితపు రుమాలు తీసి నా ఒళ్ళో పెట్టింది. వెచ్చగా ఉంది. "కౌంటరు దగ్గర నా చెయ్యి దానంతటదే రెండు వేళ్ళు చూపించింది. ఒకటి నీదే అయ్యుంటుంది" అంది. అని, అద్దం మీద వేళ్ళతో తట్టింది. "తొమ్మిదింటికి కలుద్దాం. కంగారుపడకు హాల్వార్. యోరున్ మాట మాలో ఎవరం మర్చిపోలేదు."

వాళ్ళు ముందు పోయారు. మొదటిసారి అందరూ నన్ను దాటి పోయారు. రేవు చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమకి మునిసిపల్ ఆఫీసు. కుడికి మా ఒడ్డుకి తిరిగి వెళ్ళే ఓడకి వరస. ఎడమకి వెళ్తే ఉద్యోగం వస్తుంది. ఇప్పుడు రావచ్చు, నాకు తెలుసు, ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం చూశాను, చూడగలను అవసరమైతే. ఇచ్చేది ఎవరికి? నీలం నిండినవాడికి కాదు. ముప్పై ఏళ్ళు వేళ తప్పనివాడికి కాదు. యోరున్ మొగుడికి. పాపం భయస్తుడు, ఏం మాట్లాడాలో తెలీదు, కోప్పడకండి. ఆ కుర్చీలో కూర్చుంటే గున్‌వోర్ కప్పు కడుక్కోవడం ఆపుతుంది, నావైపు జాలిగా చూస్తుంది. గర్విష్ఠి అనుకున్నన్నాళ్ళూ నాకేం తక్కువ కాలేదు. నిటారుగా నడిచాను. కమిటీ ఐవిన్‌ని తీసుకోనీ. తాళాలు పోగొట్టుకోనీ. అందరూ వెతికిపెట్టనీ. ఆ పిల్లల్ని ముసలివాళ్ళ కిటికీల కింద వేళ కాని వేళ నిలబెట్టి పాడించనీ. కుడికి తిప్పాను.

వరసలో నేనే మొదటివాణ్ణి. ఇంకెవరూ లేరు. ఓడ్మున్ వచ్చి వంగి చూశాడు. "ఏదైనా మర్చిపోయావా?"

"లేదు."

"తొమ్మిదింటికి ఏదో ఉందన్నారు నీకు?"

"లేదు."

వాన అతని టోపీ అంచు నుంచి కారుతోంది. "ఈసారి దీపాలు ఆర్పు మరి. పైకి రా, ఖాళీగా ఉంటుంది, ఎవరూ ఉండరు."

వద్దన్నాను. ఎక్కి నా చోట ఆపాను. దీపం ఆర్పాను. ఫ్యాను ఆర్పాను. తాళం తీసి జేబులో వేసుకున్నాను, బొత్తం ఆరిపోయింది. ఇనుప తలుపు లేచి మూసుకుంది, నేల అడుగున వణుకు మొదలైంది, అరికాళ్ళకి తెలిసింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. రుమాలు విప్పాను. మధ్యకి మడిచి ఉంది, సరిగ్గా యోరున్ మడిచినట్టే. కొరికాను. లోపల వెన్నా పంచదారా కాదు. గోధుమరంగు మేక చీజు, అందరూ ఇష్టంగా వేసుకునేది. నాకది చిన్నప్పటి నుంచీ పడదు, వాసనే పడదు. ఓడ కదిలింది. నోట్లో ముక్కతో అలాగే కూర్చున్నాను. నా గురించి పైన అన్నీ చెప్పింది. ఇదొక్కటీ చెప్పలేదు.